పదహారు ఎడంచేతులు

ఆ కుట్టు షాపులో మిషన్లు ఐదు, కత్తెర ఒకటే. దారాలు తెంపే చిల్లర కత్తెరలు బోలెడున్నాయి గానీ అవి లెక్కలోకి రావు. లెక్కలోకి వచ్చేది మోచెయ్యంత పొడుగుంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు కోతబల్ల దగ్గర నిలబడతారు, మిగతావాళ్ళు, ఇంటివాళ్ళూ కూలికొచ్చేవాళ్ళూ, మిషన్ల ముందు కూర్చుంటారు. నిలబడినావిడ చెబుతుంది, కూర్చున్నవాళ్ళు వింటారు. కూర్చోవడమే సుఖం కదా అని ఎవరికైనా అనిపిస్తే, వాళ్ళు ఉమ్మడి కుటుంబంలో ఉండి ఎరగరన్నమాట.

కత్తెర పెద్దకోడలిది. ఆవిడ చూపు గురించి వీధంతా చెప్పుకునేది. కిటికీలోంచి ఒక్కసారి చూసి దారిన పోయేవాడి నడుము కొలత చెప్పేదట. ఆ సంగతి తెలిసిన మగవాళ్ళు ఆ కిటికీ దాటేదాకా ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నడిచేవాళ్ళట. లావుపాటి పోస్టుమాన్ ఒకడు అలా బిగబట్టీ బిగబట్టీ షాపు గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడ్డాడనీ, పడ్డవాడి ఛాతీ కొలత కూడా ఈవిడ అక్కడే చెప్పేసిందనీ అంటారు. నమ్మితే నమ్మండి. మెడలో టేపు వేలాడేది గానీ అది గొలుసు లాంటిదే, అలంకారం.

కిటికీ పక్క కుర్చీ అత్తగారిది. ఆవిడ అక్కడ కూర్చుని కాజాలు కుడుతుంది, వచ్చేపోయేవాళ్ళని తిడుతుంది. కత్తెర ఒకప్పుడు ఆవిడదే. మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక పెద్దకోడలికి ఇచ్చేసిందని ఇంట్లో చెప్పుకునే కథ. ఆ మోకాళ్ళు చిత్రమైనవి. బట్టలు ఆరేయడానికి డాబా మెట్లన్నీ ఎక్కి దిగేవి. పక్కింట్లో గొడవ వినపడితే అందరికన్నా ముందు గుమ్మంలో ఉండేవి. కోతబల్ల దగ్గర మాత్రమే నిలబడలేకపోయేవి.

ఇక చిన్నకోడలు. ముప్పై దాటి ఎక్కువ కాలేదు. పెళ్ళికి ముందు ఊళ్ళో పేరున్న చోట కటింగు నేర్చుకుంది, ఆ సంగతి రోజుకోసారి గుర్తుచేస్తుంది. మిషను తొక్కుతూ కూడా ఆవిడ కళ్ళు గుడ్డ మీద ఉండవు, కత్తెర మీద ఉంటాయి. పెద్దాయన, అంటే పెద్దకోడలి మొగుడు, మూల నిలబడి ఇస్త్రీ చేస్తాడు. మరిది, అంటే చిన్నకోడలి మొగుడు, ఊరంతా తిరిగి ఆర్డర్లు పట్టుకొస్తాడు. షాపు కింద, కాపురం పైన. కింద మొదలైన గొడవ పైన అన్నాల దగ్గర పూర్తవుతుంది, పైన మొదలైనది కింద మిషన్ల చప్పుడులో.

పెద్దకోడలికి యాభై దగ్గర పడుతుండగా ఆవిడ తల ఆవిడకే ఎదురు తిరిగింది.

ముందు మాటలు పోయాయి. ఒకరోజు గుడ్డ మీద కొలత ప్రకారం కత్తిరించి పెట్టుకున్న అట్ట పెట్టి చెయ్యి చాపింది.

"అది ఇటివ్వు. ఆ... కుచ్చుకునేది."

"ఏదక్కా?" అంది చిన్నకోడలు, గుండుసూదుల డబ్బా చేతిలో పట్టుకునే. "కుచ్చుకునేవి ఇక్కడ చాలా ఉన్నాయి. అత్తయ్య మాటలా?"

"నా మాటలకేం వచ్చిందే!" అని కిటికీ పక్కనుంచి వినపడింది.

అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది. రోజుకి వందసార్లు అడిగే మాట అది. నాలుక మీద ఉండాల్సిన చోట ఖాళీ ఉంది.

తర్వాత ఒళ్ళు. పొద్దున్నే లేచేసరికి అప్పటికే రోజంతా పనిచేసినట్టుండేది. నానబెట్టిన దుప్పటిలా బరువు. ఆ దుప్పటిని తనే మోసుకుంటూ మెట్లు దిగాలి. నెలసరి రెండు నెలలు ముఖం చాటేసేది, వస్తే పగబట్టినట్టు వచ్చేది. మధ్యాహ్నం ఉన్నట్టుండి వీపుకి ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టు వేడి లేచి మెడ దాకా పాకి, ముఖం ఎర్రబడి, చెమట కారిపోయేది. పక్కవాళ్ళకి గాలి చల్లగా తగులుతుంటే ఈవిడ ఫ్యాను కింద నిలబడి విసనకర్ర కోసం వెతికేది.

"నువ్వు పక్కనుంటే దీనికి కరెంటు అక్కర్లేదే" అన్నాడు మొగుడు ఇస్త్రీపెట్టె చూపించి.

ఆవిడ చూసిన చూపుకి ఆయన మడతపెడుతున్న చొక్కాని ఇంకోసారి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

మర్చిపోవడం నిజమే, అందులో అబద్ధం లేదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి మర్చిపోయింది. మెట్ల మధ్యలో ఆగి, ఎక్కుతున్నానా దిగుతున్నానా అని నిలబడిపోయింది. ఒకసారి ఆసుపత్రి వార్డుబాయ్‌ల ప్యాంట్లు ఏకంగా మోకాళ్ళ దగ్గరికి కోసేసింది. పూర్తి పొడుగు అనుకుని గీసింది నిజానికి అందులో సగం, అదెలా జరిగిందో ఆవిడకే తెలియదు. నిక్కర్లు వేసుకుని రోగుల్ని తోసుకెళ్తారా అని ఆసుపత్రివాళ్ళు షాపు ముందు నిలబడి అరిచి వెళ్ళారు.

అయితే ఆ ఇంట్లో జనం కొత్త సౌకర్యం కనిపెట్టారు. మతిమరుపు మనిషి ఒకరు ఇంట్లో ఉంటే మిగతావాళ్ళకి తప్పు చేసే అవసరమే ఉండదు. మరిది బండి తాళం పోగొట్టుకుని, "వదినా, మీరే ఎక్కడో పెట్టుంటారు" అనేవాడు. అది ఆయన జేబులోనే దొరికితే, "మీరే వేసుంటారు" అనేవాడు. కుళాయి కట్టకపోతే వదిన. పాలు పొంగితే అక్క. పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికి, చివరికి పెళ్ళాం మీద విసుక్కున్నాడు. కొన్నాళ్ళకి ఆవిడే నమ్మేసింది. ఏది కనపడకపోయినా ముందు తన మీదే అనుమానం వచ్చేది. దొంగ లేని ఇంట్లో తనే దొంగ.

ప్యాంట్ల గొడవ సద్దుమణిగాక అత్తగారు కాజా సూది పక్కన పెట్టి తీర్పు చెప్పింది.

"ఇదే ఆఖరు. ఇంకోసారి కోతలో తప్పొస్తే కత్తెర చిన్నదానికి ఇచ్చేసి నువ్వు మిషను మీద కూర్చో. షాపు పేరు పోతే నీ మతిమరుపు తిండి పెట్టదు."

చిన్నకోడలు తల వంచుకుని మిషను తొక్కుతోంది. ఆ కుట్టు ఆ రోజు ఎంత సాఫీగా పోయిందో చెప్పలేం.

పెద్దకోడలు లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఎవరికీ చెప్పకుండా, దారాలు కొనడానికన్నట్టు. పిచ్చెక్కుతోందని భయం. వాళ్ళ మేనత్త ఒకావిడ చివరి రోజుల్లో సొంత కొడుకుని ఎవరు బాబూ అని అడిగేది. అది తన వంతుకొచ్చిందేమో అనుకుంది.

డాక్టరు అన్నీ అడిగింది. నెలసరి సంగతి, నిద్ర సంగతి, చెమటలు. రక్తపరీక్షలు రాసింది. రెండోసారి వెళ్ళినప్పుడు కాగితం చూసి చెప్పింది.

"రక్తం బాగా తక్కువుందమ్మా, ఆ నీరసంలో సగం దానిదే. మిగతాది నెలసరి ఆగిపోయే ముందు వచ్చేది. కొన్నేళ్ళు ఉంటుంది. హార్మోన్లు ఓ రోజు ఎగురుతాయి, ఓ రోజు పడతాయి. నిద్ర చెడుతుంది, మాట తట్టదు, చెప్పింది గుర్తుండదు."

"బుర్ర పోయినట్టేనా?"

"ఎక్కడికీ పోలేదు. పొగమంచులో బస్సు నడిపినట్టు అనుకోండి. దారి అక్కడే ఉంది, మెల్లగా పోవాలి. చాలామందికి తర్వాత కుదుటపడుతుంది. రక్తానికి మందు ఇస్తాను. మిగతాదానికీ మందులున్నాయి, మీకు సరిపడేది చూద్దాం. ఇంట్లోవాళ్ళకి చెప్పండి."

చెప్పింది. అన్నాల దగ్గర చెప్పింది. చెప్పి ఉండకూడదు.

"అంటే ఇప్పుడు దీనికి పేరు కూడా పెట్టారన్నమాట" అన్నాడు మరిది.

"మా అమ్మకి ఇవేం రాలేదక్కా" అంది చిన్నకోడలు. "పనిలో పడితే అన్నీ పోతాయనేది."

మొగుడు, "మందు తిన్నాక వేసుకోవాలా, తినకముందా?" అని అడిగాడు. ఆ పూటకి ఆ ఇంట్లో మనిషి మాట అదొక్కటే.

అత్తగారు అన్నం కలుపుతూ కలుపుతూ ఉండిపోయింది, చేత్తో ఏదో వెతుకుతున్నట్టు. ఆవిడ నోటికి సెలవు దొరకడం అరుదు కాబట్టి అందరూ ఒకసారి అటు చూసి, మళ్ళీ తినడంలో పడ్డారు.

అప్పుడొచ్చింది బ్యాండు మేళం ఆర్డరు.

చిన్న మేళం, ఎనిమిది మంది. ఎనిమిది ఎర్ర కోట్లు, సాటిన్ గుడ్డతో. సాటిన్‌కి ఒక వైపు అద్దంలా మెరుపు, రెండో వైపు ముతక. మరిది ఎక్కడో గుడ్డల తాను అయిపోగా మిగిలిన ముక్కలు చవగ్గా దొరికాయని కట్ట కట్టించుకుని వచ్చాడు. ఆ ఎరుపు అంతే, మళ్ళీ దొరకదు.

ఇక్కడ పనివాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగిన ఘోరం అర్థం కాదు. కోటు చెయ్యికి ఎడమా కుడీ ఉంటాయి. ముందువైపు చంక వంపు లోతుగా ఉండాలి, వెనకవైపు తేలిగ్గా. అందుకని ఎడమది కుడికి పట్టదు, చెప్పుల్లాగే. కానీ అట్ట ఒకటే ఉంటుంది. ఒక అట్టతో రెండు రకాల చేతులు కోయడానికి దారులు రెండు. ఒకటి, గుడ్డ పొరలన్నీ మెరుపు పైకి పెట్టి పరవడం. అప్పుడు అట్ట ఒకసారి పెట్టి గీసి, తిరగేసి పక్కన ఇంకోసారి గీయాలి. ఒక్కో పొరలో ఒక ఎడమ, ఒక కుడి వస్తాయి. దాన్ని ఆ షాపులో 'ఒకే ముఖం' అనేవాళ్ళు. రెండోది 'ముఖాముఖి'. ఒక పొర మెరుపు పైకి, దాని మీద పొర మెరుపు కిందికి, ఇలా మార్చి మార్చి పరిచి, అట్ట ఒకేసారి గీసి కోసేయడం. ఒక పొర ఎడమైతే దాని మీది పొర దానంతట అదే కుడి అవుతుంది.

చేతులెప్పుడూ ముఖాముఖే ఆ షాపులో. అత్తగారి నాటి పద్ధతి. గుడ్డ పరిచేది చిన్నకోడలు, కోసేది పెద్దకోడలు. కోసే ముందు పెద్దకోడలు పొరల మూల బొటనవేలితో ఎత్తి, పుస్తకం పేజీలు జారవిడిచినట్టు జారవిడుస్తుంది. మెరుపు, ముతక, మెరుపు, ముతక. అప్పుడు కత్తెర తెరుస్తుంది. కొన్ని వేలసార్లు చేసిన పని.

ఆ రోజు పొరలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. పై పొర మెరుస్తోంది. పెద్దకోడలు సుద్ద పట్టుకుంది, అట్ట పెట్టింది, గీసింది. మూల మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడు వీపున ఇస్త్రీపెట్టె ఆనింది. చెమట చుక్క గడ్డం దాకా వచ్చింది. సాటిన్ మీద చెమట పడితే మరక పోదు. ఆవిడ గబుక్కున వెనక్కి జరిగి, కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కుని, తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని వచ్చింది.

మూల ఎత్తానా?

ఎత్తాను. వేలికి ఆ జారుడు గుర్తుంది. మెరుపు, ముతక, మెరుపు, ముతక. గుర్తుంది నిజమే, కానీ అది ఏ రోజుది? ఆ ప్రశ్న ఆవిడకి అప్పుడు తట్టలేదు. కత్తెర తెరిచింది, కోసింది. వంపులు వెన్నలా తెగాయి. చాలా రోజుల తర్వాత చెయ్యి తనదే అనిపించింది.

సాయంత్రం చేతులు కోట్లకి అతికించడం మొదలుపెట్టిన చిన్నకోడలు కేక పెట్టింది.

"అక్కా! ఇదీ ఎడమే! ఇదీ ఎడమే!"

పదహారూ బల్ల మీద పరిచారు. పదహారూ ఎడమ. కుడిచేతులన్నీ యుద్ధంలో పోగా మిగిలిన సైన్యంలా ఉంది ఆ బల్ల. తిరగేద్దామంటే ముతక వైపు పైకి వస్తుంది. మరిది ఒక చేతిని తీసి చూసి, నేల మీద విసిరికొట్టాడు.

"బ్యాండు మాస్టరుకి ఏం చెప్పమంటారు వదినా? మీ మేళంలో అందరూ ఎడంచేతి వాటంవాళ్ళేనా, అని అడగమంటారా?"

"పరిచింది ఎవరు?" అంది పెద్దకోడలు.  "పొరలన్నీ ఒకే ముఖంగా ఉంటే గానీ ఇలా రాదు."

"నేనే పరిచాను. నువ్వు చెప్పినట్టే పరిచాను" అంది చిన్నకోడలు. తడుముకోలేదు. "ముక్కలు కదా, ఒకే ముఖంగా పరిచెయ్యి, అట్ట తిరగేసి గీస్తాను అన్నావు. తిరగేయడం మర్చిపోయావు."

"నేనన్నానా?"

"అన్నావక్కా. ఇక్కడే నిలబడి అన్నావు."

పెద్దకోడలు తల లోపలికి వెళ్ళి వెతికింది. అన్నానా? అనలేదని ఒట్టు పెట్టి చెప్పడానికి అక్కడ ఏమీ దొరకలేదు. అన్నట్టూ దొరకలేదు. పొగ. మొగుడి వైపు చూసింది. ఆయన ఇస్త్రీపెట్టె వైరు సరిచేస్తున్నాడు. అత్తగారి వైపు చూసింది. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది, ఒక కన్ను మూసి.

"అనే ఉంటాను" అంది పెద్దకోడలు.

కత్తెర బల్ల మీద పెట్టింది. చిన్నకోడలు అందుకుంది. అందుకోవడంలో తొందరపడలేదు, అదే ఎక్కువ మండింది పెద్దకోడలికి. తన పళ్ళెంలో అన్నం పెట్టుకున్నంత మామూలుగా అందుకుంది.

మర్నాడు పెద్దకోడలు మిషను ముందు కూర్చుంది. కోతబల్ల దగ్గర నిలబడినావిడ మంచి హుషారుగా ఉంది.

"అక్కా, ఆ పాడైన చేతులున్నాయి కదా, ఎనిమిది మంచివి ఏరి పక్కన పెట్టు. మిగతా ఎనిమిదీ బొత్తాల పట్టీలకి పనికొస్తాయేమో చూద్దాం. ఎనిమిది లెక్కపెట్టడం వచ్చు కదా?"

"లెక్కపెట్టడం నీ మొగుడు పుట్టక ముందు నుంచీ వచ్చు."

"అదే, గుర్తుందా అని."

పెద్దకోడలు చేతులు ఏరడం మొదలుపెట్టింది. ఎనిమిది ఇటు. ఎనిమిది అటు. మధ్యలో లెక్క తప్పింది, మళ్ళీ మొదటి నుంచి. ఎనిమిది ఇటు, ఎనిమిది అటు. ఏదో గుచ్చుకుంది. బట్టలో సూది మర్చిపోయి తొడుక్కుంటే ఎక్కడ గుచ్చుతోందో తెలియనట్టు. ఎనిమిది కోట్లు. పదహారు చేతులు. ఇందులో వింతేముంది? కోటుకి రెండు చేతులు. సరే. పొగలో ఏదో దీపం వెలిగి ఆరింది.

జేబురుమాలు తీసి ఒళ్ళో మడతపెట్టుకుంది. ఒకే ముఖం. అట్ట ఒకసారి గీయాలి, తిరగేసి ఇంకోసారి గీయాలి. అయితే పొరకి ఎన్ని చేతులు? పోయింది ఆలోచన. చిన్నకోడలు ఏదో అడిగింది, వినలేదు. మళ్ళీ మడత. పొరకి రెండు చేతులు. పొరకి రెండు. పట్టుకో, వదలకు. పొరకి రెండైతే ఎనిమిది కోట్లకి...

ఒకప్పుడు ఇది ఆవిడకి రెప్పపాటు పని. ఇప్పుడు టీ చల్లారి మీగడ కట్టేంతసేపు పట్టింది. పట్టనీ. ఆవిడ ఆ ఆలోచనని మొండి దారాన్ని సూదిలోకి ఎక్కించినట్టు, తడిపి, నలిపి, మళ్ళీ మళ్ళీ గురిపెట్టి, చివరికి ఎక్కించింది. లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"ఏమ్మాయ్! నేను నీకు ఏం పరవమన్నాను?"

"మళ్ళీ మర్చిపోయావా? ఒకే ముఖం."

"అట్ట తిరగేసి గీస్తానన్నాను?"

"అవునక్కా, అవును."

"అలాగైతే ఒక పొరలో ఎడమా కుడీ రెండూ వస్తాయి. ఎనిమిది కోట్లకి ఎనిమిది పొరలు చాలు. పదహారు పొరలు ఎందుకు పరిచావు?"

మిషన్లు ఆగాయి. మరిది తలెత్తాడు. పెద్దాయన ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి చూస్తున్నాడు.

"అది... ఎక్కువుంటే మంచిదని..."

"మళ్ళీ దొరకని గుడ్డ ఎక్కువ పరుస్తావా? కోటుకి రెండు పొరల చొప్పున పరిచావంటే నీ బుర్రలో ఉన్నది ముఖాముఖి. నేను ఇంకేదో చెప్పానన్నది అబద్ధం. మార్చి మార్చి తిప్పడం మర్చిపోయావు. ఏం చేస్తున్నావప్పుడు?"

"చెవికి ఫోను పెట్టుకుని పుట్టింటివాళ్ళతో గొడవపడుతోంది" అంది కిటికీ పక్క గొంతు. "భుజానికీ చెవికీ మధ్య ఫోను, రెండు చేతుల్తో గుడ్డ. ముక్క మీద ముక్క పడేసింది."

అందరూ అటు తిరిగారు. చొక్కా కాలుతున్న వాసన వస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు.

"నీకు తెలుసా?" అంది పెద్దకోడలు.

"నిన్ననే తెలుసు. పదహారు పొరలు నాకూ కనపడ్డాయి."

"మరి నిన్న నోరెందుకు పెగల్లేదు? నా చేతిలోంచి కత్తెర తీసుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు!"

"నీకు తడుతుందో లేదో చూద్దామని కూర్చున్నా."

"తట్టకపోతే?"

"తట్టకపోతే కత్తెర దానిదే." అత్తగారు దారం పళ్ళతో తెంపింది. "ఏం చూస్తావే అలా? నేను నీకు కత్తెర ఎందుకిచ్చాననుకున్నావు, నీ పనితనం చూసి మురిసిపోయా? అప్పుడు నాకు నీ వయసే. పెళ్ళికొడుకు సూటు ఒకదానికి వెనక భాగాలు రెండు కోశాను, ముందు భాగమే లేదు. ఎవరూ చూడకుండా పొయ్యిలో పెట్టేశాను. అప్పట్లో దానికి పేరు లేదు, మందు లేదు. మోకాళ్ళన్నాను. మోకాళ్ళ నొప్పులంటే ఎవరూ నవ్వరు."

"చెప్పుంటే..." అంది పెద్దకోడలు.

"చెప్పుంటే ఏం చేసేదానివి? ఇది నీకు చేసిందే నువ్వు నాకు చేసేదానివి."

 ఆ మాట నిజం కాబట్టి పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

చిన్నకోడలు ఏడుపు మొదలుపెట్టింది. "ఏదో ఫోనులో ఉండి మర్చిపోయాను! మనిషన్నాక మర్చిపోరా?"

"ముప్పై ఏళ్ళ మనిషి మర్చిపోతే ఫోను తప్పు. నేను మర్చిపోతే బుర్ర తప్పు. అంతేనా?" పెద్దకోడలు చెయ్యి చాపింది. "కత్తెర ఇటివ్వు."

"ఇచ్చెయ్యవే" అన్నాడు మరిది, నేల చూపులు చూస్తూ.

చిన్నకోడలు కత్తెర బల్ల మీద పెట్టింది, చేతికివ్వలేదు. పెద్దకోడలు దాన్ని అందుకుంది గానీ అక్కడితో ఆగలేదు. ఏరి పెట్టిన పాడు చేతుల దగ్గరికి వెళ్ళి, నాలుగు తీసి చిన్నకోడలి మిషను మీద పడేసింది. మిగతా నాలుగూ తన భుజాన వేసుకుంది.

"తిప్పకుండా పరిచింది నువ్వు. మూల ఎత్తకుండా కోసింది నేను. ఎత్తాననుకున్నాను, ఎత్తలేదు. నా సగం నాది, ఎవరూ తీసుకోనక్కర్లేదు. నీ సగం ఇవాళ్టి నుంచి నేను మొయ్యను. ఏమండీ, మీ కళ్ళజోడు, కాలిపోయిన ఆ చొక్కా కూడా మీవే. మరిదిగారూ, మీ తాళాలు మీవి. నా మతిమరుపులోకి ఎవరి చెత్తా తేవద్దు. నాదే నాకు బోలెడుంది."

పెద్దాయన కెవ్వున అరిచి ఇస్త్రీపెట్టె ఎత్తాడు. చొక్కా వీపు మీద నల్లటి ముద్ర పడింది.

బ్యాండు మాస్టరు వచ్చినప్పుడు తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి తిట్లు తిన్నారు. మనిషికి నాలుగు ఎడంచేతులు పట్టుకుని. ఆయన బాకా ఊదే మనిషి, ఊపిరికి కొదవ లేదు. వీధి చివరి దాకా వినపడింది. మధ్యలో ఒకసారి పెద్దావిడని అంతలా తిట్టకూడదు కదా అని చిన్నకోడలి వైపు తిరిగి ఎక్కువ తిట్టాడు. పెద్దకోడలు, "నన్ను కూడా సమంగా తిట్టండి" అంది. ఆయనకి మాట తడబడి, మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

మరిది ఊరంతా తిరిగి దొరికినంత దగ్గర ఎరుపు పట్టుకొచ్చాడు. దగ్గరే గానీ అదే కాదు. ఇప్పటికీ ఆ మేళం వీధిలో పోతుంటే చూడండి, కుడిచెయ్యి కాస్త ముదురుగా ఉంటుంది. మందుతో ఒంట్లోకి రక్తం వచ్చింది గానీ పెద్దకోడలికి మాటలు ఇంకా అప్పుడప్పుడు తప్పిపోతున్నాయి, మధ్యాహ్నం వీపున ఇస్త్రీపెట్టె ఆనుతూనే ఉంది. తోడికోడళ్ళు అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడుకోరు.

కొత్త కుడిచేతులు కోసిన రోజే పెద్దకోడలు నియమం పెట్టింది. పరిచినావిడ పైకి చెప్పాలి. కోసేది మూల ఎత్తి పైకి చెప్పాలి. ఆ రెండూ విని అత్తగారు ఊఁ అనాలి. ఆవిడ ఊఁ అనందే కత్తెర తెరుచుకోదు.

"నేనెందుకు?" అంది అత్తగారు.

"చూస్తూ కూర్చోవడం నీకు బాగా వచ్చు కదా. ఆ పనే చెయ్యి."

ఇప్పుడు కూడా అంతే. చిన్నకోడలు పొరలు పరిచి, పళ్ళ మధ్యనుంచి, "ముఖాముఖి" అంటుంది. పెద్దకోడలు మూల ఎత్తి బొటనవేలితో జారవిడిచి, చెమట తుడుచుకుని, కావాలంటే ఇంకోసారి జారవిడిచి, "ముఖాముఖి" అంటుంది. తర్వాత ఇద్దరూ కిటికీ వైపు తిరుగుతారు. అత్తగారు దారం కొనని తడుపుతుంది. సూదిని వెలుతురుకి పెడుతుంది. దారం ఎక్కదు, మళ్ళీ తడుపుతుంది. ఇద్దరు కోడళ్ళూ ఆవిడ నోటి కోసం కాచుకుని నిలబడి ఉండటం ఆవిడకి ఎంత బాగుంటుందో ఆ ముఖంలో తెలుస్తూనే ఉంటుంది.

"ఊఁ."

కత్తెర తెరుచుకుంటుంది.